గీత మీద పడ్డ మూడు అంకెలు

కెమిస్ట్రీ విభాగంలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. విద్యార్థులకు ఆమె టిక్‌టిక్ అక్క. ఆ పేరు ఏ బ్యాచ్ పెట్టిందో ఎవరికీ గుర్తులేదు గాని, పెట్టినవాళ్ళ పిల్లలు కూడా అదే కాలేజీలో చేరి అదే పేరుతో పిలుస్తున్నారు. ఆమె కూడా పలుకుతుంది.

ఉద్యోగం ల్యాబ్ అటెండరు. బీకర్లు కడగడం, బర్నర్లకు గ్యాసు చూడటం, యాసిడ్ సీసాలకు చీటీలు అతికించడం, చెయ్యి కాల్చుకున్న పిల్లల చేతిని కుళాయి కింద పట్టి ఏడుపు ఆగేదాకా కబుర్లు చెప్పడం, ఇవన్నీ రోజూ చేసే పనులు. ఏడాదికొకసారి చేసే పని ఇంకొకటుంది. దానివల్లే ఆ పేరు వచ్చింది. దానివల్లే, ఉద్యోగం దిగిపోయే నెలలో, ఆమెకు అన్నం సయించకుండా పోయింది.

ల్యాబ్ వెనక ప్రిపరేషన్ గదిలో ఇనప బీరువా ఉంది. దాని కింది అరలో ఒక సీసపు డబ్బా. చూడటానికి గుప్పెడంత, ఎత్తబోతే తెలుస్తుంది దాని సంగతి. ఆ డబ్బాలో చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్ద ప్లాస్టిక్ బిళ్ళ, ఆ బిళ్ళ మధ్యలో కంటికి కనపడనంత సీసియం ఉన్నాయి. సీసియంలో చాలా రకాలుంటాయి, ఇది నిలకడ లేని రకం. దాని పరమాణువు ఒక్కొక్కటే, ఎప్పుడో ఒకప్పుడు, లోపలి కేంద్రకం మారిపోయి, కిరణాన్ని బయటికి విసిరి, బేరియం అనే వేరే మూలకం అయిపోతుంది. ఒకసారి పోయింది మళ్ళీ సీసియంగా తిరిగిరాదు. ఆ విసిరిన కిరణం గైగర్ కౌంటర్ గొట్టానికి తగిలితే 'టిక్' మని చప్పుడు వస్తుంది. రేడియోధార్మికత అని పుస్తకాల్లో రాసేది దీన్నే.

ముప్పై ఏళ్ళ కిందట ఆ బిళ్ళను తెప్పించింది పెద్దసారు. అప్పటికి ఆయన విభాగానికి అధిపతి, ఆమె కొత్తగా చేరిన పిల్ల. పదో తరగతి దాకా చదివింది. సెలవుల తర్వాత కాలేజీ తెరిచాక వచ్చిన రెండో సోమవారం, ఉదయం పది గంటలకు, ఆయన ఆమెను బల్ల దగ్గరకు పిలిచారు.

"అమ్మాయ్, ముందు బిళ్ళ లేకుండా ఐదు నిమిషాలు లెక్కపెట్టు. నేలలోంచీ గోడల్లోంచీ ఆకాశంలోంచీ కాసిని టిక్కులు ఎలాగూ వస్తుంటాయి. తర్వాత బిళ్ళ పెట్టి ఐదు నిమిషాలు. ఇందులోంచి అది తీసేసి, మిగిలింది రిజిస్టర్లో రాయి. ఏటా ఇదే రోజు, ఇదే గంట, ఇదే దూరం. ముప్పై ఏళ్ళకు ఇది సగమవుతుంది. దాన్ని అర్ధాయువు అంటారు."

"అయితే అరవై ఏళ్ళకి మొత్తం ఖాళీ అన్నమాట" అంది ఆమె, తెలివిగా లెక్క కట్టినందుకు సంబరపడుతూ.

పెద్దసారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. "అందరూ అలాగే అంటారు. అరవై ఏళ్ళకి పావు మిగులుతుందమ్మా. ముప్పై ఏళ్ళకోసారి అప్పుడు ఉన్నదాంట్లో సగం పోతుంది గాని, మొదట ఉన్నదాంట్లో సగం కాదు."

ఆ రోజు వచ్చిన అంకె 4012. ఆమె రిజిస్టర్లో అచ్చుపోసినట్టు రాసింది.

రెండో ఏడు 3871 వచ్చింది. బాగానే ఉంది అనుకుంది. మూడో ఏడు 3902 వచ్చింది. తగ్గాల్సింది పెరగడమేమిటి? తనే ఎక్కడో చెడగొట్టానని బెంబేలెత్తి, పెన్సిలుతో రాసుకుని పెద్దసారు దగ్గరకు పరిగెత్తింది. ఆయన చూసి ఆ పెన్సిలు అంకె మీద సిరాతో దిద్దించారు.

"ఇది కారుతున్న కుళాయి కాదు, లెక్క ప్రకారం చుక్క పడటానికి. రేకుల మీద పడే వాన. ఒక నిమిషం నాలుగు చినుకులు ఎక్కువ, ఇంకో నిమిషం నాలుగు తక్కువ. ఏ పరమాణువు ఎప్పుడు పోతుందో దానికే తెలియదు. ఇప్పుడే పోవచ్చు, వందేళ్ళకీ పోకపోవచ్చు. ముసలిదీ పడుచుదీ అని తేడా లేదు. అన్నీ కలిపి చూస్తే మాత్రం ముప్పై ఏళ్ళకి సగం. నీ పని దాన్ని సరిదిద్దడం కాదు. విన్నది రాయడం."

విన్నది రాయడం. ఆ మాట ఆమెకు నచ్చింది. ఆ బల్ల, ఆ గొట్టం, ఆ బిళ్ళ ఆమె సొంతమైపోయాయి. దూరం తప్పకుండా బల్ల మీద రెండు గాట్లు పెట్టించింది. కౌంటరుకు పాత దిండు గలీబుతో తొడుగు కుట్టింది. కొత్తగా వచ్చిన లెక్చరర్లు దాని మీద టీ కప్పు పెడితే, ఎంత పెద్ద డిగ్రీ ఉన్నవాళ్ళనైనా సరే, చూపుతోనే లేపేసేది. పెద్దసారు దిగిపోయారు, ఆ తర్వాత కాలం చేశారు. రిజిస్టరు మాత్రం సాగుతూనే ఉంది.

చుట్టాల్లో దీనికి పెద్ద పేరే వచ్చింది, మంచిది కాదు లెండి. ఆమె ఆడపడుచు మొదటి ఏడాదంతా ఆమె చేతి మంచినీళ్ళు తాగలేదు. భర్త బస్సు కండక్టరు. అతనికి ఇదంతా వినోదం. "మా ఆవిడతో జాగ్రత్త, బాంబు పక్కన కూర్చుని వచ్చింది" అని వచ్చినవాళ్ళనల్లా బెదిరించేవాడు. కాని ఏటా ఆ సోమవారం సాయంత్రం, డ్యూటీ దిగి ఇంటికి రాగానే, చెప్పులు విప్పకముందే అడిగేవాడు.

"ఏమే, ఈ ఏడు ఎంత పోయింది?"

ఆమె మిగిలిన అంకె చెప్పేది. అతను ఏదో పెద్ద లావాదేవీ తేలినట్టు తలాడించి, "పర్లేదు, ఇంకా చాలా ఉంది" అనేవాడు. లోకంలో ఆ అంకెను అడిగిన మనిషి అతనొక్కడే.

పదమూడో ఏడు అతని గుండె బలహీనపడింది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. డాక్టరు మంచివాడే, నిదానంగా చెప్పాడు. "ఇలాంటి వాళ్ళలో సగం మంది రెండేళ్ళు దాటతారమ్మా."

వరండాలోకి రాగానే ఆడపడుచు కళ్ళు తుడుచుకుని, "రెండేళ్ళకి ఢోకా లేదన్నాడు కదా వదినా, అదే పదివేలు" అంది. సగం అన్న మాటకు అర్థం ఆ వరండాలో ఉన్న వాళ్ళందరిలో ఆమెకే తెలుసు. సగం అనేది గుంపు గురించి చెప్పే మాట. ఈ ఒక్కడి గురించి అది ఏమీ చెప్పదు. రేపు కావచ్చు, ఇరవై ఏళ్ళు కావచ్చు. చదువు ఎందుకు అబ్బిందా అని ఆమె ఏడ్చింది ఆ ఒక్కసారే.

ఆ ఏడు లెక్కపెట్టే సోమవారం నాడు ఆమె ఆసుపత్రిలో ఉంది. సెలవులన్నీ అయిపోయాయి. ఆమెను చెల్లెమ్మా అని పిలిచే స్టోర్‌కీపరు, పెద్దమనిషి, హాజరు పట్టీలో తనే ఆమె సంతకం పెట్టేశాడు. తిరిగి వచ్చాక ఆలోచించింది, లెక్కల రిజిస్టర్లో ఆ తేదీ ఖాళీగా ఉంటే, హాజరు పట్టీలో ఉన్న మనిషి ఎక్కడికి పోయిందని అడుగుతారు. అతని మెడకు చుట్టుకుంటుంది. ఏడాదికి వెయ్యికి తొమ్మిది వందల డెబ్బై ఏడు మిగులుతాయని లెక్చరర్లు చెప్పగా చెక్క గోడ ఇవతలి నుంచి పన్నెండేళ్ళు విన్నది. ముందటేటి 3067ను దానితో హెచ్చవేసి, 2996 అని రాసింది.

పద్నాలుగో ఏడు కాలేజీలోనే ఉంది. గలీబు తీసింది, ముందు బిళ్ళ లేకుండా లెక్కపెట్టడానికి మీట నొక్కింది. టిక్, టిక్‌టిక్, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ టిక్. ఆ మధ్యలోని నిశ్శబ్దాన్ని ఆమె భరించలేకపోయింది. ఇంట్లో మంచం మీద అతని ఊపిరి కూడా అచ్చం అలాగే ఉంది, ఒకటి వచ్చాక ఇంకొకటి వస్తుందో రాదో తెలియకుండా. అర నిమిషంలో ఆపేసింది. హెచ్చవేసి 2927 అని రాసింది. సాయంత్రం ఇంటికి వెళితే అతను దిండుకు ఆనుకుని కూర్చుని, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ అడిగాడు.

"ఎంత... పోయింది?"

"రెండువేల తొమ్మిది వందల ఇరవై ఏడండీ."

"పర్లేదు" అన్నాడు. "ఇంకా చాలా ఉంది."

పదిహేనో ఏడు సెలవుల్లోనే అతను పోయాడు. కాలేజీ తెరిచాక ఆమె బీరువా తాళం కూడా తియ్యలేదు. హెచ్చవేసి 2860 అని రాసేసింది. ఆ మరుసటేడు మాత్రం కూర్చుంది. ఐదు నిమిషాలూ విన్నది. 2721 వచ్చింది, లెక్క ప్రకారం రావాల్సినదానికి చాలా కిందే. ఎంత వచ్చిందో అంతే రాసింది. ఆ తర్వాత ఎప్పుడూ తప్పలేదు.

ఈ సంగతి పదిహేనేళ్ళకు పైగా ఎవరికీ తెలియదు. తెలియకుండానే పోయేది, చిన్నమేడమ్ రాకపోయి ఉంటే.

చిన్నమేడమ్ రెండేళ్ళ కిందట చేరిన లెక్చరరు. మనిషి చురుకు, చెయ్యి తిరిగింది, కాకపోతే ఆవిడ చదువంతా రంగులూ మందులూ తయారుచేసే రసాయనాల మీద. రేడియోధార్మికత పాఠం ఆవిడ నెత్తిన పడ్డది ఈ ఏడే. బీరువాలో రిజిస్టరు చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది.

"అక్కా! ముప్పై ఏళ్ళు! ఒకే బిళ్ళ, ఒకే మనిషి! వచ్చే సోమవారంతో సగమవుతుంది, మీరు దిగేదీ ఈ నెలాఖరే. దీన్ని ప్రాక్టికల్ పుస్తకంలో అచ్చు వేయిస్తాను, మీ పేరుతో."

ఆమె నవ్వింది. నిజంగానే సంతోషించింది. రెండు రోజుల తర్వాత ల్యాబ్ గోడ మీద పెద్ద చార్టు వెలిసింది. ఏటేటి అంకెల చుక్కలన్నీ, లెక్క ప్రకారం గీసిన గీతకు అటూ ఇటూ చెదిరి ఉన్నాయి. మధ్యలో మూడు చుక్కలు మాత్రం వరసగా, చక్కగా, తాడు కట్టి పేర్చినట్టు ఉన్నాయి. చిన్నమేడమ్ వాటి చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి కింద రాసింది: 'జాగ్రత్తగా తీసిన రీడింగు ఇలా ఉంటుంది.' దాని కింద టిక్‌టిక్ అక్క అసలు పేరు, ఇంటిపేరుతో సహా.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆమె పేరు గోడకెక్కింది, అదీ ఆ మూడు అంకెల పుణ్యమా అని. ఆమె చీపురు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

నోరు మూసుకుంటే సరిపోతుందనుకుంది. మూడే అంకెలు, ఎవరికి నష్టం? ఇప్పుడు బయటపెడితే ముప్పై ఏళ్ళ రిజిస్టరునూ నమ్మరు. మూడు రాసినామె ముప్పై రాయలేదా అంటారు. ఆఖరి నెలలో మెమో చేతిలో పెట్టి పంపినా పంపుతారు. ఇలా తనకు తాను సర్దిచెప్పుకుంటూ ఆ వారమంతా గడిపింది. కంచంలో అన్నం కెలికి లేచిపోతుంటే, కూతురు "బెంగా అమ్మా, ఇంట్లో కూర్చోవాలని?" అని అడిగింది. ఔనంది.

శుక్రవారం ప్రాక్టికల్ అయ్యాక బల్లలు తుడుస్తుంటే, రెండు జడల అమ్మాయి ఒకతె ఇంకా రికార్డు ముందేసుకుని కూర్చుని ఉంది. ఒక్కో నిమిషం చొప్పున ఐదుసార్లు లెక్కపెట్టమన్నారు. ఆ పిల్ల రబ్బరుతో చెరుపుతోంది. 431, 402, 455 అని ఉన్నచోట 430, 431, 430 అని వస్తున్నాయి.

"అదేంటమ్మా, వచ్చిందే రాయాలి కదా?"

"నాకు తీయడం రాలేదక్కా. ఒక్కోసారి ఒక్కోలా వచ్చింది." ఆ పిల్ల గోడ వైపు చూపించింది. "మీరు తీసినట్టు రావాలి కదా. అందరం ఇలాగే సర్దుకున్నాం."

అందరూ. పాతికమంది. నిజంగా విన్నది విన్నట్టు రాసిన పిల్ల తనను తాను చేతగానిదనుకుంటోంది, వినకుండా రాసిన తన అంకెలు చూసి. ఇంతకంటే పెద్ద పాపం ఆ ల్యాబులో ఎవరూ చేసి ఉండరని ఆమెకు ఆ క్షణాన అనిపించింది, యాసిడ్ సింకులో పారబోసిన వాళ్ళను కూడా కలుపుకుని.

ఇంటికి వెళ్ళగానే స్టోర్‌కీపరుకు ఫోను చేసింది. ఆయన దిగిపోయి పదేళ్ళు దాటింది, చెవులు మందగించాయి, సంగతంతా రెండుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది.

"చెప్పెయ్ చెల్లెమ్మా" అన్నాడాయన. "నన్నిప్పుడు ఏ ఉద్యోగంలోంచి పీకుతారు? అయినా నీ సంతకం నీకంటే నేనే బాగా పెట్టాను, కావాలంటే పట్టీ తీసి చూడమను."

ఆమె నవ్వి ఫోను పెట్టేసింది. ఆ పూట కడుపు నిండా తిన్నది.

సోమవారం పది గంటలకు రెండో సంవత్సరం పిల్లలందరూ బల్ల చుట్టూ మూగారు. చిన్నమేడమ్ బోర్డు మీద 4012 రాసి, దాని పక్కన సగం 2006 అని రాసి గీత గీసింది. టిక్‌టిక్ అక్క గలీబు మడిచి పక్కన పెట్టింది. బిళ్ళ లేకుండా ఐదు నిమిషాలు, 103. పట్టుకారుతో బిళ్ళను గాటు మీదికి చేర్చి మీట నొక్కింది. ఐదు నిమిషాలకు 2166. తీసివేస్తే 2063.

"అయ్యో" అన్నారు ఎవరో. "పోయినేడు 2039 కదా, పెరిగిందేంటి?"

చిన్నమేడమ్ మొహం చిన్నబోయింది. "ఇంకోసారి తీద్దామా అక్కా?"

"వద్దు మేడమ్. అదేం చెప్పిందో అదే రాయాలి." ఆమె సిరాతో 2063 అని రాసింది. పెన్ను మూత పెట్టలేదు. "ఇది వాన లాంటిదమ్మా" అంది పిల్లలతో. "ఎటు చూసినా కాస్త చెదురుతుంది. చెదరకపోతేనే అనుమానించాలి. గోడ మీద మేడమ్‌గారు ఎర్రసున్నా చుట్టిన మూడూ నేను తీసినవి కావు. లెక్క కట్టి రాసినవి."

చిన్నమేడమ్ గబగబా రిజిస్టరు తిప్పింది. కాలిక్యులేటర్‌లో ఒక భాగహారం చేసింది, ఇంకోటి, ఇంకోటి. మూడుసార్లూ అదే వచ్చింది, 0.977. మిగతా ఏళ్ళలో ఏ రెండూ ఒకలా లేవు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది నాకు కనపడాల్సింది" అంది మెల్లగా. "నేనే కదా వీటిని నెత్తికెత్తుకున్నాను. ఎందుకు రాశారక్కా?"

ఆమె జవాబుగా రిజిస్టరు తన వైపు లాక్కుంది. ప్రతి పేజీలో చివర రిమార్కుల గడి ఉంటుంది, ముప్పై ఏళ్ళుగా ఖాళీగా. ఆ మూడు అంకెల మీద కనపడేలా ఒక్కొక్క అడ్డగీత కొట్టి, వాటికెదురుగా నిదానంగా రాసింది. మొదటి దానికి: 'తీయలేదు. ఆసుపత్రిలో ఉన్నాను.' మూడో దానికి: 'తీయలేదు. ఆయన పోయారు.' రెండో దాని దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. చివరికి అది కూడా రాసింది. 'తీయలేదు. ఆయన అడిగితే తీశానని చెప్పాను.'

చిన్నమేడమ్ చదివింది. ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇది ఇలాగే అచ్చు వేయిస్తానక్కా" అంది. "గీతలూ రిమార్కులూ అన్నీ. మీకు అభ్యంతరం లేకపోతే."

"పేరు కూడా ఉంచండి మేడమ్" అంది ఆమె.

మెమో రాలేదు. నెలాఖరున బీరువా తాళం చిన్నమేడమ్ చేతిలో పెట్టడానికి వచ్చినప్పుడు, గోడ మీద కొత్త చార్టు ఉంది. చెదిరిన చుక్కలు, మధ్యలో మూడేళ్ళ ఖాళీ, మళ్ళీ చుక్కలు, కింద ఆమె పేరు. రెండు జడల అమ్మాయి రికార్డు పట్టుకుని దాని ముందు నిలబడి ఉంది. ఆ పిల్ల రికార్డులో 431, 402, 455 మళ్ళీ వచ్చి కూర్చున్నాయి. వెనక్కి తిరిగి అడిగింది.

"అక్కా, ఇక్కడ మూడేళ్ళు అది ఆగిపోయిందా?"

"ఆగలేదమ్మా" అంది ఆమె. "నేనే వినలేదు."

తాళం ఇచ్చేసి బయటికి నడిచింది. గేటు దాటుతుండగా ఫోను మోగింది. కూతురు.

"అమ్మా, నాన్న ఉంటే ఆ రోజే అడిగేవాడు. ఈ ఏడు ఎంత పోయింది?"

ఆమె గేటు పక్కకు జరిగి నిలబడి అంకె చెప్పింది.